స్టాల్‌లో గాజు తేనెపెట్టె: కుట్టడం కాదు, ఉక్కే గండం

వీడియోలో చూపించిన గాజు పెట్టెను విజయవాడ ఎగ్జిబిషన్లలో పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. జనం కుడతాయేమోనని భయపడతారు. మనం భయపడాల్సింది వేడికి.

పిల్లలున్న పట్టు దగ్గర ఈగలు సుమారు 35 డిగ్రీలు నిలబెడతాయి. ఎండ పెరిగితే నీళ్లు తెచ్చి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. మూసిన గాజు పెట్టెలో నీళ్లకు వెళ్లే దారి లేదు. డెల్టా ఉక్కలో ఒట్టి విసురుడు పెద్దగా పనిచేయదు. మైనం మెత్తబడి పట్టు జారిందా, ఈగలు తేనెలో మునిగి చస్తాయి. పైనా కిందా జాలీ, లోపల తడి స్పాంజి, బయట నీడ తప్పనిసరి. ఫోకస్ లైట్లు అసలొద్దు.

ప్రపంచ తేనెటీగల దినోత్సవం మే 20. స్లొవేనియాకు అది వసంతం, మనకు రోహిణి కార్తె ముంగిట. ఆ రోజు టెంటు కింద వీడియో వేయండి చాలు.

ఫ్రేము పాతది, గట్టిది తీసుకోండి. తేనె నిండిన కొత్త తెల్ల పట్టు ఆటో కుదుపులకే విరుగుతుంది. పట్టుకూ గాజుకూ మధ్య 8 మిల్లీమీటర్లు వదలండి. రాణి లేదని జనం కాస్త నిరాశపడతారు, పడనివ్వండి. దారిలో రాణి పోతే కుటుంబమే పోవచ్చు. మన నాటు సెరానా ఈగ అసలే కదిలిస్తే లేచిపోయే రకం.

ఇంకోటి, మూసిన పెట్టెలో మేత దారి చెప్పే నాట్యం కనిపించదు. అది కావాలంటే గోడలోంచి బయటికి పైపు పెట్టి, పొలంలోనే శాశ్వతంగా ఉంచాలి. షోకైతే ఒక్క రోజే. సాయంత్రానికి ఫ్రేమును తీసిన పెట్టెలోనే పెట్టేయండి.