పరుగునకు విశ్రాంతియు సాధనయే

"పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు" అని మన పెద్దలు చెప్పుదురు. పందెములకు బిడ్డలను పంపు తలిదండ్రులు ఈ సామెతను మరియొక విధముగా గ్రహింపవలెనని మా మనవి. పాలు కావలసినవారు పరుగెత్తవలసినదే. కాని నడుమ నిలబడుటయు నేర్వవలెను.

కొన్ని యేండ్ల క్రిందట మన విద్యార్థి యొకడు ఒక్క దినమును విడువక అతివేగముగా పరుగెత్తుచుండెను. జ్వరము తగ్గిన మరునాడును మానలేదు. ప్రార్థనా సమావేశమున మేము అతనిని మెచ్చుకొంటిమి. పోటీలకు రెండు వారములు ముందు, మోకాలి క్రింది యెముక నొప్పిచే నడువలేకపోయెను. ఆ తప్పు బాలునిది కాదు, మాది.

కఠినమైన పరుగున కండరముల సన్నని పోగులు దెబ్బతినును. అవి కూడుకొని మునుపటికంటె దృఢమగుట నిద్రలోను, విశ్రాంతిలోను జరుగును. ఎముకలు కండరములకంటె మెల్లగా బలపడును. కావుననే వేగము వచ్చిన బిడ్డకు ఎముక బలము ఇంకను రాకపోవచ్చును. అంబత్తూరు పారిశ్రామికవాడలో పనిచేయు తండ్రులకు ఇది క్రొత్త మాట కాదు. యంత్రమును సైతము నూనె వేయుటకు నిలుపుదురు గదా!

1954 ఏప్రిలులో ఆంగ్లేయుడగు రోజర్ బానిస్టర్ ఎంత శ్రమించినను, వరుసగా పరుగెత్తు పావు మైళ్లలో 61 సెకండ్లను దాటి మెరుగుపడలేకపోయెను. కొన్ని దినములు పరుగు మాని, స్కాట్లండు కొండలెక్కి వచ్చిన పిదప 59 సెకండ్లలో పరుగెత్తెను. మే 6వ తేదీన మైలును 3 నిమిషముల 59.4 సెకండ్లలో ముగించి, 4 నిమిషముల లోపున పరుగెత్తిన ప్రథముడయ్యెను.

మన విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 2022 మే నెలలో 100 మీటర్ల హర్డిల్సును 13.23 సెకండ్లలో ముగించి, 2002 నాటి జాతీయ రికార్డును మించెను. అక్టోబరునాటికి 12.82కు వచ్చెను. అర సెకండైనను లేని ఆ మేలునకు అయిదు నెలలు పట్టెను. అంతటి క్రీడాకారిణికిని 2025లో సాధన చేయుచుండగా మోకాలికి గాయమయ్యెను. గాయము ఎవరికైనను రావచ్చును. దేహము చెప్పు మాటను వినుట మన వంతు.

కావున బిడ్డలకు వారమునకు రెండు దినములే కఠినమైన పరుగు చాలును. ఆ రెంటి నడుమ తేలిక పరుగో, నడకయో ఉండవలెను. ఒక దినము పూర్తి విశ్రాంతి. ఈ పట్టిక శిలాశాసనము కాదు. కర్తరి యెండలలో ప్రొద్దెక్కక మునుపే ముగింపవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలకు వీధులు మునిగినపుడు ఇంటనే వ్యాయామము చేయవచ్చును. పరీక్షల వారమున తగ్గింపవలెను. తప్పిన పరుగును మరునాడు రెండింతలు చేసి తీర్చుకొనరాదు.

ప్రతి ఉదయమును బిడ్డను మూడు ప్రశ్నలడుగుడు: నిద్ర పట్టినదా? ఆకలి యగుచున్నదా? ఒకేచోట నొప్పి యున్నదా? నిద్రయో ఆకలియో చెడినచో ఆనాడు కఠినమైన పరుగు వలదు. ఎముకపై ఒకేచోట నొప్పి నిలిచినచో పరుగు మాన్పించి వైద్యునికి చూపుడు.

ఇకమీదట విశ్రాంతి దినమును మేము గైరుహాజరుగా నెంచము. ఇంటను మీరట్లే యెంచవలెనని కోరుచున్నాము.