కయీను ముఖం ఎందుకు చిన్నబోయింది?



ఈసారి నేను బైబిలులోని ఒక పాఠం గురించి వ్రాస్తున్నాను. మన హాస్టల్లో అన్ని దేవుళ్ళకు మొక్కేవాళ్ళు ఉన్నారు. కానీ అసూయ అందరికీ వస్తుంది గనుక అందరూ చదవండి.

పాఠం: ఆదికాండము 4వ అధ్యాయం

ఆదాము, హవ్వలకు మొదట ఇద్దరు కొడుకులు పుట్టారు. పెద్దవాడు కయీను, చిన్నవాడు హేబెలు. కయీను మన నాన్నల్లాగే నేల దున్ని పంట పండించేవాడు. హేబెలు గొర్రెలు కాసేవాడు. మన కొండల్లో కొత్త పంట వస్తే దేవుడికి పెట్టకుండా నోట్లో పెట్టుకోరు కదా. వాళ్ళు కూడా అలాగే దేవునికి అర్పణ తెచ్చారు. కయీను పొలం పంటలో కొంత తెచ్చాడు. హేబెలు మందలో తొలిచూలు పిల్లల్ని, వాటిలో కొవ్విన వాటిని తెచ్చాడు. దేవుడు హేబెలు అర్పణను ఇష్టపడ్డాడు. కయీనుది ఇష్టపడలేదు. హేబెలు విశ్వాసంతో ఇచ్చాడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయంలో ఉంది.

అప్పుడు కయీనుకు కోపం వచ్చి ముఖం చిన్నబోయింది. ఇక్కడ బాగా గమనించాలి. హేబెలు అన్నని ఏమీ అనలేదు, అన్న వస్తువు ఏదీ తీసుకోలేదు. తమ్ముడికి మంచి జరిగిందని మాత్రమే అన్నకి బాధ. అసూయ అంటే ఇదే.

ఇంకొక సంగతి. కయీను తప్పు చేయక ముందే దేవుడు అతనితో మాట్లాడాడు. ఎందుకు కోపం అని అడిగాడు. పాపం నీ వాకిట్లోనే పొంచి ఉంది, దాన్ని నువ్వే అణచాలి అన్న అర్థం వచ్చేట్టు హెచ్చరించాడు. అంటే అప్పటికి పాపం ఇంకా తలుపు బయటే ఉంది. కయీనుకి టైము ఉంది. కానీ వినలేదు. పొలంలో తమ్ముణ్ణి చంపేశాడు. తమ్ముడు ఎక్కడ అని దేవుడు అడిగితే తెలియదన్నాడు, తమ్ముడికి నేనేమన్నా కాపలావాడినా అన్నట్టు ఎదురు ప్రశ్న వేశాడు. ముందు అసూయ, తర్వాత కోపం, తర్వాత హత్య, ఆ తర్వాత అబద్ధం.

మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మకి బైబిలు నేనే చదివి మా భాషలో చెప్తాను. ఈ కథ విని అమ్మ చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "మరి వాళ్ళ అమ్మ ఏమైపోయిందో. ఒకడు చచ్చిపోయాడు, ఒకడు దేశాలు పట్టి పోయాడు" అంది. ఆ సంగతి నాకు తోచనే లేదు.

రెండో కథ: యోసేపు అన్నలు

ఆదికాండము 37వ అధ్యాయంలో యోసేపు కథ ఉంది. అప్పటికి యోసేపుకి 17 ఏళ్ళు. తండ్రి యాకోబుకి అతనంటే ఎక్కువ ప్రేమ. అతనికి ఒక అందమైన అంగీ కుట్టించాడు. అది చూసి అన్నలు పగబట్టి, తమ్ముడితో మంచిగా మాట్లాడటం మానేశారు. చివరికి నీళ్ళు లేని గోతిలో పడేసి, తర్వాత 20 వెండి నాణేలకు వర్తకులకు అమ్మేశారు. అంగీని మేక రక్తంలో ముంచి తండ్రికి పంపించారు. అడవి జంతువు తినేసిందనుకుని ఆ ముసలాయన ఏడ్చాడు, ఎవరు ఓదార్చినా ఊరుకోలేదు. అన్నలకు తండ్రి మీద పగ లేదు. అయినా దెబ్బ తండ్రికి తగిలింది.

నా సంగతి

ఈ పాఠం నేను చర్చిలో చాలాసార్లు విన్నాను. కానీ అర్థమయింది మొన్న డిసెంబరులో. సిగ్గుగా ఉన్నా వ్రాస్తున్నాను.

ఆరో తరగతి నుండి లెక్కల్లో నేనే ఫస్టు. ఈసారి పరీక్షలో 50కి నాకు 41, నా పక్కన పడుకునే స్నేహితురాలికి 47 వచ్చేయి. టీచరు ఆమె నోటుబుక్కు అందరికీ చూపించేరు. ఆమె వచ్చి, "నీ దగ్గర నేర్చుకున్నవే కదా" అంది. అయినా ఆ రోజు నుండి నేను ఆమె ముఖం చూడలేదు. చాప కూడా దూరం జరిపేసేను.

ఒక సాయంత్రం ఆమె అమ్మ ఫోను చేసింది. వాళ్ళ ఊర్లో సిగ్నల్ లేదు. కొండ మీదికి ఎక్కి చేయాలి. మేడం నన్ను పిలిచి, "ఆ పిల్లని తీసుకురా, వాళ్ళ అమ్మ మళ్ళీ చేస్తుందట" అన్నారు. నేను వెళ్ళేను. ఆమె కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. చూసేను. చూసి వెనక్కి వచ్చేసి, "కనిపించలేదు మేడం" అన్నాను. రెండోసారి ఫోను మోగింది. "ఏదీ ఆ పిల్ల?" అని అడిగేరు. "నాకు తెలీదు మేడం" అన్నాను.

ఆ మాట ఎవరు అన్నదో మీకు తెలుసు.

వాళ్ళ అమ్మ చీకటి పడేదాకా, మంచులో ఆ కొండ మీదే కూర్చుందట. దిగేటప్పుడు జారి పడి కాలు బెణికింది. అవి కాఫీ పళ్ళు ఏరే రోజులు. 10 రోజులు పనికి వెళ్ళలేదు, కూలి పోయింది. ఆదివారం వాళ్ళ నాన్న వచ్చి చెప్తే తెలిసింది. నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు. పోయిన సెలవుల్లో నాకు చోడి అంబలి పోసిన మనిషి. అసూయ పడింది కూతురి మీద, దెబ్బ తిన్నది తల్లి.

ఆ ఉదయం కానుక వేయడానికి 10 రూపాయలు పట్టుకుని ప్రార్థనకు బయల్దేరేను. అర్పణ తెచ్చినప్పుడు ఎవరితోనైనా తగువు గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వాళ్ళతో సమాధానపడి రమ్మని యేసు చెప్పిన సంగతి (మత్తయి 5వ అధ్యాయం) గుర్తొచ్చింది. సగం దారిలో వెనక్కి తిరిగేను. ఆమెకి అంతా చెప్పేసేను. ఆమె ఏమీ అనలేదు. బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "మా అమ్మకి నువ్వే చెప్పు" అంది.

తర్వాతి ఆదివారం వాళ్ళ అమ్మ కుంటుతూనే కొండ ఎక్కి ఫోను చేసింది. "పిన్నీ, నేనే పిలవలేదు" అని చెప్పేను. కొంచెంసేపు గాలి చప్పుడే వినిపించింది. తర్వాత, "అన్నం తిన్నావా?" అని అడిగింది. నాకు మాట రాలేదు.

మనం నేర్చుకోవలసినవి

1. ద్వేషం మనసులోనే ఉంది కదా, ఎవరికి నష్టం అనుకోకూడదు. సహోదరుణ్ణి ద్వేషించేవాడిని హంతకుడితో సమానంగా చెప్పేడు యోహాను (1 యోహాను 3వ అధ్యాయం).

2. చెడ్డ కోరిక కడుపుతో ఉండి పాపాన్ని కంటుందని, పాపం పెరిగి మరణాన్ని కంటుందని యాకోబు తన పత్రిక 1వ అధ్యాయంలో చెప్తాడు. (ఈయన యోసేపు నాన్న కాదు, వేరే యాకోబు.) పోడులో కలుపు చిన్నగా ఉన్నప్పుడు రెండు వేళ్ళతో వస్తుంది. పెరిగితే గునపం కావాలి.

3. కోపాన్ని రాత్రికి దాచుకోకూడదు. పొద్దు గుంకే లోపల వదిలేయమని పౌలు ఎఫెసీయులకు వ్రాశాడు.

4. తప్పు అయిపోయినా దారి ఉంది. కరువులో ధాన్యం కోసం ఐగుప్తుకు వచ్చిన అన్నల్ని యోసేపు క్షమించాడు. కయీనుని కూడా ఎవరూ చంపకుండా దేవుడు గుర్తు వేశాడు. కానీ ముందు మనం నిజం ఒప్పుకోవాలి.

నా స్నేహితురాలిని అడిగే ఇది వ్రాశాను. "నా పేరు వ్రాయకు, మార్కులు మాత్రం వ్రాయి" అంది.

ప్రశ్నలు

1. దేవుడు కయీనుని హెచ్చరించింది తప్పుకు ముందా, తర్వాతా?
2. అన్నల అసూయ వల్ల యోసేపు కాకుండా ఇంకెవరు ఏడ్చారు?
3. మీరు ఎవరి ముఖం చూడకుండా తిరుగుతున్నారు? (ఈ జవాబు నాకు చెప్పక్కర్లేదు.)

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి