మిగలపండిన అరటితో రాగి మఫిన్లు: గృహస్థాయి తయారీ

తొక్కపై నల్లమచ్చలు ఏర్పడిన అరటిపండుకు విపణిలో విలువ ఉండదు. అయితే అప్పటికి గుజ్జులోని పిండిపదార్థంలో అధికభాగం చక్కెరలుగా మారి ఉంటుంది. మఫిన్లకు ఈ దశే అనువైనది; తీపి కొరకు విడిగా చేర్చవలసినది స్వల్పమే.

గోధుమపిండి 100 గ్రా., రాగిపిండి 50 గ్రా., బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, వంటసోడా పావు టీస్పూను, చిటికెడు ఉప్పు కలిపి జల్లించవలెను. వేరొక పాత్రలో అరటిగుజ్జు 200 గ్రా., బెల్లం తురుము 50 గ్రా., పెరుగు 60 గ్రా., గుడ్డు ఒకటి, నూనె 45 మి.లీ. కలుపవలెను. రాగులు 100 గ్రాములకు 300 మి.గ్రా. పైగా కాల్షియం అందించినను, వాటిలో గ్లూటెన్ లేదు. కావున రాగిపిండి పాలు మరీ పెరిగినచో మఫిన్లు సరిగా పొంగక పొడిపొడిగా విరుగును.

అసలు మెలకువ ఈ రెండు మిశ్రమాలను కలపడంలో ఉన్నది. పొడిపిండి కనుమరుగు కాగానే గరిటె ఆపివేయవలెను. ఉండలు కొద్దిగా మిగిలినను దోషం లేదు. అధికంగా కలిపినచో గోధుమలోని గ్లూటెన్ బిగిసి, మఫిన్ గట్టిపడి, లోపల సొరంగాల వంటి రంధ్రాలు ఏర్పడును. కేకుపిండిని గిలకొట్టే అలవాటున్న గృహిణులకు ఈ భేదం మాటలతో బోధపడదు. శిక్షణలో రెండు విధాలా కాల్చి, కోసి చూపుట మేలు.

పెరుగులోని ఆమ్లంతో సోడా వెంటనే చర్య జరుపుతుంది గనుక జాప్యం తగదు. ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 20–25 నిమిషాలు కాల్చవలెను. పొంగు కొరకు సోడా పెంచినచో సబ్బు రుచి రావడమే గాక థయమిన్ నశించును.

బెల్లం వాడినంత మాత్రాన వీటిని మధుమేహులకు సిఫారసు చేయడం శాస్త్రసమ్మతం కాదు. బెల్లం కూడా ప్రధానంగా చక్కెరే. తేమ అధికం కనుక వేసవిలో మరునాటికే వినియోగించవలెను.