విదేశీ విపణిలో వింత ఆహారం

అమెరికాలో స్థిరపడిన ఆసియా ప్రజల ఆహారావసరాలు తీర్చడానికి ప్రత్యేక విపణులు వెలిశాయి. 1984లో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్ పట్టణంలో ప్రారంభమైన ‘99 రాంచ్ మార్కెట్’ వాటిలో ప్రసిద్ధమైనది.

ఇటువంటి అంగళ్లలో చేపలు, పీతలు నీటితొట్లలో సజీవంగా కనిపిస్తాయి. కొనేవారు కోరిన చేపను అప్పటికప్పుడు పట్టి, శుభ్రపరచి ఇస్తారు.

సున్నం, బూడిద, ఉప్పు కలిపి వారాల తరబడి ఊరవేసిన బాతుగుడ్డు అక్కడ మరొక వింత. దాని పచ్చసొన నలుపు కలిసిన ఆకుపచ్చ రంగుకు మారుతుంది. క్రొత్తవారు ముఖం చిట్లించవచ్చు. చైనీయులకు మాత్రం అది ప్రీతికరం. అక్కడే లభించే కాకరకాయ తెలుగువారికి సుపరిచితం. దాని చేదు ఎరుగని వారికి అదీ వింతే.

అపరిచితమైనంత మాత్రాన ఏ ఆహారమూ హేయం కాదు. అది మరొకరికి తల్లి చేతి వంట.

ప్రశ్న: కాకరకాయ ప్రస్తావన ద్వారా ఈ పాఠం ఏమి బోధిస్తున్నది?