ఒక్క ఫొటో చూసి వీడియో చెప్పగలమా? గ్లాస్ వెనకున్న అసలు ప్రశ్న

ఫోన్ గ్లాస్ అనగానే మనకి స్క్రాచ్ టెస్ట్, డ్రాప్ టెస్ట్ గుర్తొస్తాయి. కానీ ద్రవం చల్లబడి గ్లాస్‌గా ఎందుకు బిగుసుకుంటుందనే ప్రశ్నకి ఫిజిక్స్‌లో అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. కోడ్ రాసే నాలాంటి వాళ్లకి ఇది మంచి మెషిన్ లెర్నింగ్ ప్రాబ్లమ్ కూడా.

సూపర్‌కూల్డ్ లిక్విడ్ అంటే?

స్ఫటికాలు ఏర్పడే టైమ్ ఇవ్వకుండా ద్రవాన్ని గడ్డకట్టే ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబరిస్తే, అది ద్రవంగానే ఉండిపోతుంది. ఇదే సూపర్‌కూల్డ్ లిక్విడ్. ఇంకా చల్లబరిస్తే చిక్కబడుతూ గ్లాస్ అవుతుంది. నీటి స్నిగ్ధత పాస్కల్-సెకన్‌లో దాదాపు వెయ్యో వంతు. అది లక్ష కోట్ల పాస్కల్-సెకన్లకు చేరితే మామూలుగా గ్లాస్ అంటారు. ఇంత తేడా ఉన్నా లోపల కణాల అమరిక చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటుంది! పైగా ఒకచోట కణాలు చకచకా కదులుతుంటే, పక్కనే ఇంకొన్ని ఇరుక్కుపోయి ఉంటాయి.

మరి క్లూ ఎక్కడుంది?

2004లో విడ్మర్-కూపర్, హారోవెల్ ఒక సిమ్యులేషన్ చేశారు. కణాలను ప్రతిసారీ అవే చోట్ల పెట్టి, వేగాలు మాత్రం ర్యాండమ్‌గా మార్చి, మళ్లీ మళ్లీ రన్ చేశారు. సగటు తీస్తే కొన్ని చోట్ల కణాలే ఎక్కువగా కదిలాయి. అంటే క్లూ మొదటి ఫొటోలోనే, అమరికలోనే ఉందన్నమాట.

2020లో డీప్‌మైండ్ టీమ్ 4,096 కణాల సిమ్యులేషన్ తీసుకుని, కణాలను నోడ్‌లుగా, దగ్గరి కణాల జతలను ఎడ్జ్‌లుగా పెట్టి గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌ని ట్రెయిన్ చేసింది. ఏ కణం ఎంత కదులుతుందో అది పాత పద్ధతుల కంటే బాగా చెప్పింది. చల్లబడే కొద్దీ దానికి ఇంకా దూరపు కణాల సమాచారం కూడా కావాల్సి వచ్చింది.

నాకు బాగా నచ్చింది మాత్రం 2021 పేపర్. బోటీని, స్మాలెన్‌బర్గ్, ఫిలియన్ ప్రతి కణం చుట్టూ అమరికను కొలిచి, ఆ కొలతలను పొరుగు కణాల కొలతలతో కలిపి సగటు తీసి, మామూలు లీనియర్ రిగ్రెషన్‌కి ఇచ్చారు. రిజల్ట్ దాదాపు ఆ పెద్ద నెట్‌వర్క్‌తో సమానంగా వచ్చింది!

మనకేంటి ఇందులో?

ఇవన్నీ చిన్న మోడల్ ద్రవాలు. ఫోన్ గ్లాస్ కెమిస్ట్రీ వీటికంటే చాలా క్లిష్టం. పైగా ఏది కదులుతుందో చెప్పడం వేరు, ఎందుకు ఆగిపోతుందో చెప్పడం వేరు. మొదటిది చాలావరకు వచ్చేసింది, రెండోది ఇంకా మిగిలే ఉంది. అందుకే మోడల్ ఎంత పెద్దదని అడిగే ముందు, దానికి ఏం చూపిస్తున్నామని అడగాలి. ట్రై చేయాలనుకుంటే ల్యాంప్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాల కణాలను 80:20 నిష్పత్తిలో కలిపి మొదలుపెట్టండి. చిన్న సైజు సిమ్యులేషన్‌కి మీ ల్యాప్‌టాప్ చాలు.