పాము విషానికి ప్లాస్టిక్ విరుగుడు వస్తుందా?

పాముకాటు రోగి బంధువులు వార్డులో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: "సిస్టర్ గారూ, ఈ మందు ఎక్కిస్తే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. ఇంతకంటే మంచి మందు రాలేదా?" దీనికి జవాబు మీరూ తెలుసుకోవాలి.

విషం ఏం చేస్తుంది?
పాము విషంలో ఎక్కువ భాగం మాంసకృత్తులే, అంటే ప్రొటీన్లే. కొన్ని నరాల మీద పనిచేసి శ్వాసను ఆపుతాయి. కొన్ని రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. కొన్ని కాటుపడిన చోట కండను కుళ్ళబెడతాయి. ఈ ప్రొటీన్లను పట్టి బంధించడమే విరుగుడు మందు చేసే పని.

ఇప్పుడున్న మందు
గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలను శుద్ధి చేసి ఈ మందు తయారు చేస్తారు. మన దేశంలో దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు పనిచేస్తుంది. అయితే గుర్రం ప్రొటీన్ కొందరికి పడదు. దద్దుర్లు, చలిజ్వరం, ఆయాసం రావచ్చు, బీపీ పడిపోవచ్చు. అందుకే మందు ఎక్కేటప్పుడు నర్సు దగ్గరుండి చూస్తుంది. దురద, ఆయాసం కనిపిస్తే వెంటనే చెప్పండి. అంతేగాని మందు మానేయమని పట్టుబట్టవద్దు. రియాక్షన్‌కు చికిత్స చేసి, అది తగ్గాక మళ్ళీ ఎక్కిస్తాము.

ప్లాస్టిక్ యాంటీబాడీ అంటే?
తడి బంకమట్టిలో తాళంచెవిని అదిమి తీస్తే దాని అచ్చు మిగులుతుంది. అదే విధంగా, ఒక ప్రొటీన్ చుట్టూ పాలిమర్‌ను, అంటే ప్లాస్టిక్ జాతి పదార్థాన్ని పెరగనిచ్చి, తర్వాత ఆ ప్రొటీన్‌ను కడిగేస్తారు. మిగిలిన గుంటలో మళ్ళీ ఆ ప్రొటీనే చక్కగా ఇముడుతుంది. ఈ రేణువులు కంటికి కనిపించనంత చిన్నవి.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్వైన్‌లో కెన్నెత్ షే, జపాన్ శాస్త్రజ్ఞులతో కలిసి తేనెటీగ విషంలోని మెలిటిన్‌కు ఇలాంటి రేణువులు తయారు చేశారు. మెలిటిన్ ఎక్కించిన ఎలుకలకు వీటిని ఇవ్వగా మరణాలు తగ్గాయని 2010లో ప్రకటించారు.

కండ కుళ్ళడాన్ని ఇప్పటి విరుగుడు మందు సరిగా ఆపలేదు. అందుకని షే బృందం ఆఫ్రికాలోని విషం చిమ్మే ఒక నాగుపాము మీద దృష్టి పెట్టింది. ఈసారి అచ్చు తీయలేదు. విష ప్రొటీన్లకు అంటుకునే గుణమున్న రేణువులను ఎంచుకున్నారు. విషం ఎక్కించిన చోటే వాటిని ఇవ్వగా ఎలుకల్లో చర్మం చెడిపోవడం తగ్గిందని 2018లో తెలిపారు.

వ్యాధిని కనిపెట్టడానికి కూడా ఇలాంటి పాలిమర్ల మీద పరిశోధన జరుగుతోంది. గుండెపోటులో రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ అంటుకోగానే సంకేతమిచ్చే పరికరాలు అటువంటివే.

మరి మనకు ఎప్పుడు?
పై రెండూ ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు. పాముకాటుకు మనుషులకిచ్చే ప్లాస్టిక్ మందు ఇంకా ఆస్పత్రులకు రాలేదు. అటువంటిది ఉందని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా. ఈ రోజు ప్రాణం కాపాడేది గుర్రం మందే, అదీ సకాలంలో అందితేనే.

గుర్తుంచుకోండి
1. రోగిని నడిపించవద్దు. కాటుపడిన కాలు లేక చెయ్యి కదలకుండా బద్ద కట్టండి.
2. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. వాపు వస్తే అవి బిగుసుకుంటాయి.
3. తాడుతో బిగించి కట్టవద్దు. కోయవద్దు, నోటితో పీల్చవద్దు.
4. పాముకోసం వెతకవద్దు. లక్షణాలను బట్టి, రక్తం 20 నిమిషాల్లో గడ్డకడుతుందో లేదో చూసి డాక్టరుగారు చికిత్స నిర్ణయిస్తారు.
5. మంత్రం, పసరు అంటూ గంటలు పోగొట్టవద్దు. విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకురండి. 108కి ఫోన్ చేయండి.