తొలిజాము నిద్ర తల్లికే

అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. అయినా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ నిద్రంతా ముక్కలు ముక్కలుగా రావడమే దీనికి కారణం. పెద్దవాళ్ళకు ఒక నిద్రావృత్తం సుమారు 90 నిమిషాలు పడితే, పసిబిడ్డకు 50 నిమిషాల్లోనే ముగుస్తుంది. ప్రతి వృత్తం చివరా బిడ్డ కదులుతుంది, ఆకలిగా ఉంటే పూర్తిగా లేస్తుంది. తల్లిపాలు తేలిగ్గా అరుగుతాయి కాబట్టి ఆకలి త్వరగానే వేస్తుంది. తొలి వారాల్లో 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగడం మామూలు విషయం.

ఇందులో బిడ్డ తప్పు లేదు, తల్లి లోపమూ లేదు. పాలు తయారు కావడానికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఊరుతుంది. తొలి నెలల్లో రాత్రి తాగించడం మానేస్తే పగటి పాలు కూడా తగ్గుముఖం పడతాయి. నిద్రను తెచ్చే మెలటోనిన్ తొలి రెండు మూడు నెలలు పసిబిడ్డ ఒంట్లో సరిగా తయారు కాదు. రాత్రి పూట తల్లిపాలలో అది ఉంటుంది. అంటే బిడ్డకు పగలేదో రాత్రేదో తెలిపే పని కొంత ఆ పాలే చేస్తున్నాయన్నమాట.

చుట్టాలు మాత్రం వేరేలా చెబుతారు. "పాలు చాలట్లేదమ్మా, అందుకే లేస్తున్నాడు. ఓ డబ్బా తెప్పించు." ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడుపుతూ, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరి, అక్కణ్ణుంచి పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. డబ్బాపాలు పడితే తల్లికి ఎక్కువ నిద్ర దొరుకుతుందన్నదీ నిలబడే మాట కాదు. 2010లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన తల్లిపాలిచ్చేవాళ్ళ నిద్రనూ డబ్బాపాలు పట్టేవాళ్ళ నిద్రనూ పోల్చి, చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఆశ్చర్యమేమీ లేదు. అర్ధరాత్రి లేచి నీళ్ళు కాచి, సీసా కడిగి, పొడి కలిపి, చల్లార్చేసరికి ఎవరి నిద్రయినా ఎగిరిపోతుంది. పాలడబ్బాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది గానీ, చుట్టాల ప్రచారాన్ని ఆపే చట్టం ఇంకా రాలేదు.

బిడ్డను లేవకుండా చేసే ఉపాయం కోసం వెతకడం మానేసి, తల్లి నిద్రను ముందుకు జరపడం మేలు. తక్కిన సలహాలన్నీ దీని తర్వాతే. రెండు మూడు నెలలు వచ్చేసరికి చాలామంది పిల్లల్లో అన్నిటికంటే పెద్ద నిద్ర రాత్రి మొదటి భాగంలోనే పడుతుంది. ఎనిమిదిన్నరకో తొమ్మిదికో పడుకుంటే పదకొండున్నర, పన్నెండు దాకా. ఆ మూడు గంటలూ బాలింత ఏం చేస్తోంది? గిన్నెలు తోముతోంది. ఆరిన గుడ్డలు మడత పెడుతోంది. పొద్దుటి ఇడ్లీలకు పిండి రుబ్బుతోంది. అవన్నీ అయ్యాక, ఇప్పటికి కాస్త తీరిక దొరికిందని ఫోనులో రీల్స్ చూస్తోంది. దీపం ఆర్పి కన్ను మూసేసరికి పక్కలో కదలిక. ఆ రాత్రికి దొరికే ఒకే ఒక్క పెద్ద నిద్రను గిన్నెలకూ రీల్స్‌కూ ధారపోసి, రెండింటికి లేచి బిడ్డ మీద విసుక్కుంటే ఎలా? కటువుగా ఉన్నా ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

తల్లి రాత్రి భోజనం ఏడున్నరకల్లా అయిపోవాలి. ఎనిమిది దాటాక చుట్టాల పరామర్శలూ వీడియో కాల్సూ వద్దు. పడుకోబోయే ముందు బిడ్డకు రెండు వైపులా పాలిచ్చి, తేన్పు తెప్పించి, తండ్రి చేతికో నానమ్మ చేతికో అప్పగించాలి. బిడ్డ వెంటనే నిద్రపోకపోతే జోకొట్టే పని వాళ్ళది. ఆకలికి మాత్రమే తల్లిని లేపాలి. గుడ్డ తడిసినా, ఎక్కిళ్ళొచ్చినా, ఊరికే మూలిగినా లేపకూడదు. మొదట్లో తల్లికి నిద్ర పట్టదు, చెవి అటే ఉంటుంది. పట్టకపోయినా దీపం ఆర్పి పడుకునే ఉండాలి. కొన్నాళ్ళకు ఒళ్ళే అలవాటు పడుతుంది. తొలి వారాల్లో దొరికేది రెండు గంటలే కావచ్చు, ఆ రెండూ కూడా వదులుకోకూడదు. ఎడతెగని నిద్ర కాస్త ముందే పడ్డ తల్లి రెండింటికీ నాలుగింటికీ లేచినా తట్టుకోగలదు.

పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఇది జరిగిపోతుంది, అమ్మ చూసుకుంటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి వెళ్ళాక, తొమ్మిది కాకముందే పడుకునే కోడలు సోమరిగా కనబడుతుంది. అక్కడ నోరు విప్పాల్సింది భర్త. "అమ్మా, తను పడుకుంటుంది, గిన్నెలు నేను చూస్తాలే" అని అతనే అనాలి. అనడం కష్టమే. అనలేనివాడు రాత్రి ఏడుపుకు నిద్ర చెడిందని పొద్దున ఫిర్యాదు చెయ్యకూడదు.

నడిరాత్రి పాలివ్వడం సగం నిద్రలోనే సాగిపోవాలి. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. అంతకుముందే బిడ్డ తల అటూఇటూ తిప్పుతుంది, పెదవులు చప్పరిస్తుంది, పిడికిలి నోట్లో పెట్టుకోబోతుంది. అప్పుడే అందుకోవాలి. తల్లి పక్కకు తిరిగి పడుకుని, బిడ్డను తన వైపు తిప్పుకుని, ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండేలా దగ్గరికి తీసుకోవాలి. నోరు బాగా తెరిచాక అందిస్తే కింది పెదవి బయటికి మడతపడి, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. గుటకలు పడుతూ, నొప్పి లేకపోతే పట్టు కుదిరినట్టు. జీరో బల్బు చాలు, మాటలు వద్దు, గడియారం వైపు చూడనే వద్దు.

బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవడం మీద వాదాలున్నాయి. అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం అదే గదిలో వేరే పక్క మీద పడుకోబెట్టమంటుంది. జేమ్స్ మెకెన్నా అనే మానవశాస్త్రవేత్త పాలిచ్చే తల్లీ బిడ్డా దగ్గరగా పడుకోవడం సహజమంటాడు. మన ఇళ్ళలో ఎటూ పక్కలోనే పడుకుంటారు గనుక జాగ్రత్తలు ముఖ్యం. పరుపు గట్టిగా ఉండాలి, బిడ్డ వెల్లకిలా పడుకోవాలి, దగ్గర్లో దిండ్లూ బొంతలూ ఉండకూడదు. పొగతాగేవాళ్ళు, మద్యమో మత్తుమందో పుచ్చుకున్నవాళ్ళు పక్కన పడుకోకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ, బరువు తక్కువ బిడ్డకూ వేరే పక్క వెయ్యాలి. సోఫాలో పాలిస్తూ కునికిపాట్లు పడటం అన్నిటికంటే ప్రమాదం.

పగలు బిడ్డను వెలుతురులో ఉంచడం, సాయంత్రం మళ్ళీమళ్ళీ పాలడిగితే ఇవ్వడం, మధ్యాహ్నం తల్లి ఓ కునుకు తియ్యడం, ఐరన్ మాత్రలు మానకపోవడం కూడా మంచివే. నిద్ర కోసమని వస, గ్రైప్ వాటర్ వద్దు. ఏడాది నిండేదాకా తేనె నాకించడం ప్రమాదం. ఆరు నెలల దాకా నీళ్ళు కూడా అక్కర్లేదు.

నాలుగో నెలలో, బాగా పడుకుంటున్న బిడ్డ మళ్ళీ గంటగంటకూ లేవవచ్చు. నిద్ర తీరు మారే వయసది. రాగిజావ పట్టడానికి అది సందు కాదు, ఆరు నెలలు నిండాలి. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు దొరికే 26 వారాల ప్రసూతి సెలవు ముగిసి తల్లి ఉద్యోగానికి వెళ్ళాక కూడా మెలకువలు పెరుగుతాయి. పగలు తల్లి దగ్గర తాగలేనిది బిడ్డ రాత్రి తాగుతుంది. తొలిజాము నిద్ర అప్పుడు మరీ అవసరం.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, తడిపే గుడ్డలు తగ్గినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోవడం, రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోవడం అలసట వల్లే అనుకోకూడదు, డాక్టరుకు చూపించాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు తెలుగులో, ఏ వేళైనా, ఉచితంగా ఫోన్ చెయ్యవచ్చు. తల్లే చెయ్యాలని లేదు, ఇంట్లో ఎవరు చేసినా పలుకుతారు.